కొత్త రికార్డు బటన్‌తోనే చిక్కు.. ఒక్క మనిషికి రెండు ఓట్లు, రెండు పీఎఫ్ నంబర్లు ఎలా పుట్టుకొస్తున్నాయంటే..

ఇల్లు మారారు. ఓటు కూడా మార్చుకోవాలనుకున్నారు. ఫోన్‌లో ఎన్నికల సంఘం యాప్ తెరిచారు. కొత్త ఓటరు నమోదు అని కనిపించింది. ఊరు కొత్తదే కదా, మనమూ కొత్త ఓటరే అనుకున్నారు. వివరాలు నింపారు.. ఫొటో పెట్టారు.. సబ్మిట్ కొట్టారు. కొన్ని వారాలకు కార్డు ఇంటికే వచ్చింది. పని సాఫీగా అయిపోయింది. ఒక్కటి తప్ప.. పాత ఊళ్లో ఓటు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ దొంగ ఓటు వేయాలన్న ఆలోచన ఎవరికీ లేదు. కానీ చట్టం దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఒకరి పేరు ఒకటికి మించి నియోజకవర్గాల్లో ఉండకూడదు. 18వ సెక్షన్ ప్రకారం ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదు. ఇంకో చిక్కుంది. కొత్త ఓటరు దరఖాస్తు, అంటే ఫారం 6లో ‘మొదటిసారి నమోదు చేసుకుంటున్నాను, నా పేరు ఇంకెక్కడా లేదు’ అనే అర్థం వచ్చే డిక్లరేషన్ ఉంటుంది. అది తప్పని తెలిసి ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చదవకుండా టిక్ పెట్టేవారికి ఈ సంగతి ఎవరు చెప్తారు?

ఓటర్ల జాబితాలో రెండేసి పేర్లు అనగానే రాజకీయ పార్టీల మాటల యుద్ధం గుర్తొస్తుంది. అందులో కొంత భాగం మాత్రం కుట్ర కంటే చాలా సాదాసీదా చోట పుడుతోంది. కంప్యూటర్ తెర మీద ఉన్న ఒక ఫారంలో.. పాత రికార్డును సరిదిద్దాల్సిన చోట కొత్త రికార్డు తెరుచుకోవడంలో.

బిహార్‌లో 7 లక్షల పేర్లు

2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ జరిగింది. అదే సర్. ఆగస్టు 1న ముసాయిదా జాబితా వచ్చేసరికి సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఎన్నికల సంఘం చెప్పిన లెక్క ప్రకారం వాటిలో 22 లక్షల మంది చనిపోయినవారు, 36 లక్షల మంది శాశ్వతంగా వెళ్లిపోయినవారు లేదా దొరకనివారు. మిగిలిన 7 లక్షల మంది? ఒకటి కంటే ఎక్కువ చోట్ల పేరున్నవారు.

అదే నెల 7న కాంగ్రెస్ నేత రాహుల్ గాంధీ బెంగళూరు పరిధిలోని మహదేవపుర నియోజకవర్గం జాబితాను తెర మీద పెట్టారు. 11,965 డూప్లికేట్ ఓటర్లు ఉన్నారన్నారు. ఫారం 6 దుర్వినియోగం అయిందనీ ఆరోపించారు. ఎన్నికల సంఘం ఈ ఆరోపణలను కొట్టిపారేసింది. ప్రమాణపూర్వకంగా రాసివ్వాలని అడిగింది. బీజేపీ ఎదురుదాడికి దిగింది. ఆ తర్వాత ఢిల్లీ, బిహార్‌లలో పేరున్న రాజకీయ నాయకులకే ‘మీకు రెండు చోట్ల ఓటుంది’ అంటూ నోటీసులు వెళ్లాయి.

రాజకీయం తెలిసినవారు, పార్టీ ఆఫీసులో పక్కనే మనిషిని పెట్టుకుని ఫారాలు నింపించుకోగలిగినవారు కూడా ఇందులో చిక్కుకుంటే.. సాధారణ ఓటరు సంగతి చెప్పేదేముంది?

నిన్నటి వరకు అదే ఫారం!

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 2022 ఆగస్టుకు ముందు ఒక నియోజకవర్గం నుంచి ఇంకో నియోజకవర్గానికి మారిన ఓటరు నింపాల్సింది కూడా ఫారం 6నే. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడిదీ, ఇరవై ఏళ్లుగా ఓటేస్తూ ఊరు మారిన పెద్దమనిషిదీ ఒకే కాగితం. పాత చిరునామా రాయడానికి అందులో చోటుండేది. అది ఖాళీగా వదిలేస్తే? జాబితాలోకి కొత్త మనిషి వచ్చి చేరినట్టే. పాత ఊళ్లో పేరు తీసేయాలన్న సమాచారమే అక్కడికి చేరదు.

2022 ఆగస్టు 1 నుంచి ఫారాలు మారాయి. ఫారం 6 మొదటిసారి ఓటర్లకే. చిరునామా మార్పు, తప్పుల సవరణ, పోయిన కార్డు బదులు కొత్తది, దివ్యాంగుల గుర్తింపు.. ఈ నాలుగూ ఫారం 8 కిందికి వచ్చాయి. పేరు తొలగింపునకు, అభ్యంతరాలకు ఫారం 7. ఫారం 8లో ముందుగా పాత ఓటరు కార్డు నంబరు ఇవ్వాలి. ఆ రికార్డు తెర మీదికి వచ్చాకే మార్పు. కార్డు నంబరు కూడా అదే కొనసాగుతుంది.

ఇది మంచి మార్పు. చెప్పాలంటే రావాల్సిన దానికంటే చాలా ఆలస్యంగా వచ్చిన మార్పు. కానీ దశాబ్దాల అలవాటు ఒక్క సర్క్యులర్‌తో పోదు. ఓటు మార్చుకోవాలంటే ఫారం 6 అని నోటికి వచ్చేసింది. నెట్ సెంటర్‌కు వెళ్లి ‘ఇక్కడ ఓటు కావాలి’ అంటే అక్కడి కుర్రాడు ఏం నొక్కుతాడు? ‘పాత కార్డు ఉందా?’ అని అడిగితే సరే. అడగకపోతే మరో కొత్త రికార్డు.

ట్యాబ్ కీ నొక్కితే చాలు..

ఇదంతా ఓటరు తప్పేనా అంటే కాదు. ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఎంట్రీలు కొట్టేవారిని అడిగితే అసలు బాధ తెలుస్తుంది.

చిన్న ఆఫీసులు, స్కూళ్లు, క్లినిక్‌లు, సొసైటీల్లో ఏళ్లుగా వాడుతున్న మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌నే తీసుకుంటే.. అందులో ఫారం తయారు చేసినప్పుడు మామూలుగా ఉండే సెట్టింగ్ ఒకటుంది. ఆపరేటర్ ఒక్కో గడి నింపుతూ ట్యాబ్ కీ కొడుతూ వెళ్తారు. ఆఖరి గడి తర్వాత ఇంకోసారి ట్యాబ్ కొడితే ఫారం తర్వాతి రికార్డుకు జారిపోతుంది. అప్పటికే చివరి రికార్డులో ఉంటే.. ఖాళీగా ఉన్న కొత్త రికార్డు తెరుచుకుంటుంది. తెర చూడ్డానికి అలాగే ఉంటుంది. గడులు మాత్రం ఖాళీ. వివరాలు చెరిగిపోయాయేమో అనుకున్న ఆపరేటర్ మళ్లీ మొదటి నుంచి టైప్ చేస్తారు. ఆ మనిషి రెండోసారి పుట్టేసినట్టే!

పైగా యాక్సెస్‌లో సేవ్ బటన్ నొక్కాల్సిన పని కూడా లేదు. ఒక రికార్డు నుంచి ఇంకో దానికి జరగగానే నింపింది నింపినట్టు దాచేస్తుంది. సేవ్ చేయలేదు కదా అన్న ధీమా పనికిరాదు. 2003 వెర్షన్ వరకు మౌస్ చక్రం తిప్పినా రికార్డులు మారిపోయేవి. 2007 నుంచి ఆ పద్ధతి మార్చారు.

దీనికి తిరగబడ్డ రూపం ఇంకా ప్రమాదం. ఫారంలో పైన పేరు గడి కనిపిస్తుంది. వెతకడానికే అనుకుని ఆపరేటర్ అందులో ‘రాములు’ అని కొడతారు. అది వెతుకులాట గడి కాదు, రికార్డులోని అసలు గడి. తెర మీద ఉన్న సోమయ్య పేరు రాములుగా మారిపోతుంది. లేదా ఖాళీ ఫారంలో రాములు పేరుతో అరకొర రికార్డు ఒకటి మిగిలిపోతుంది.

ఆపడం కష్టమా? అస్సలు కాదు. ఫారం సెట్టింగుల్లో సైకిల్ అనే చోట అన్ని రికార్డులు అని ఉన్నదాన్ని ప్రస్తుత రికార్డు అని మారిస్తే ట్యాబ్ కీ అదే ఫారంలో మొదటి గడికి తిరిగొస్తుంది. కొత్తవి చేర్చే అనుమతిని ‘నో’ అని పెట్టి, చేర్చడానికి విడిగా ఒక ఫారం ఇస్తే పొరపాటున కొత్త రికార్డు పుట్టే దారే మూసుకుపోతుంది. వెతికే గడిని డేటా గడులకు దూరంగా, వేరే రంగులో పెట్టాలి. రెండు నిమిషాల పని. అయినా ఈ పని చేయని ఫారాలే ఎక్కువ. ఎందుకంటే ఫారం తయారు చేసినవారు దాంతో రోజుకు మూడొందల ఎంట్రీలు కొట్టరు. కొట్టేవారికి ఆ సెట్టింగ్ ఎక్కడుందో తెలియదు.

నెట్ స్లో.. రెండుసార్లు క్లిక్

వెబ్‌సైట్లలో ఈ కథ ఇంకోలా నడుస్తుంది. సబ్మిట్ నొక్కారు. చక్రం తిరుగుతూనే ఉంది. క్యూలో జనం.. మళ్లీ నొక్కారు. మొదటి క్లిక్ నెమ్మదిగానైనా సర్వర్‌కు చేరింది. రెండోదీ చేరింది. రెండు దరఖాస్తులు, రెండు నంబర్లు. పేజీని రిఫ్రెష్ చేసినా ఇదే ముప్పు. అందుకే బ్రౌజర్ ‘ఫారంను మళ్లీ పంపమంటారా?’ అని అడుగుతుంది. హడావుడిలో ఉన్నవారు దానికి అవుననే చెప్తారు.

ఒకసారి నొక్కగానే బటన్‌ను పనిచేయకుండా చేయడం చాలా సైట్లు చేస్తున్నదే. అది సగం మందు మాత్రమే. పేజీ మళ్లీ తెరిస్తే బటన్ మళ్లీ బతికొస్తుంది. అసలు మందు సర్వర్ దగ్గరుంది. ఫారం తెరిచినప్పుడే దానికి ఒక రహస్య నంబరు ఇస్తారు. అదే నంబరుతో రెండోసారి ఏదొచ్చినా కొత్త రికార్డు చేయకుండా మొదటి రసీదే చూపిస్తారు. దాని వెనుక డేటాబేస్‌లో ఒక గట్టి తాళం ఉంటుంది. దాన్ని యూనిక్ ఇండెక్స్ అంటారు. ఉదాహరణకు ఒక స్కూల్‌లో అడ్మిషన్ నంబరు రెండోసారి రాదు అని డేటాబేస్‌కే చెప్పేస్తే, ఎవరు ఎన్నిసార్లు నొక్కినా రెండోది లోపలికి పోదు.

లక్ష్మి ఒక్కరే.. స్పెల్లింగులు మాత్రం..

అసలైన తలనొప్పి పేర్లతో. వెతికితే దొరకదు కాబట్టే చాలాసార్లు కొత్తది కొడతారు.

తెలుగులో లక్ష్మి అని రాస్తే ఒక్కటే. ఇంగ్లిష్‌లో కొందరు ‘క్ష’ను కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు, కొందరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. శ్రీనివాస్‌కు ఎస్, ఆర్ తర్వాత ఒకరు ఐ పెడతారు, ఇంకొకరు రెండు ఈలు పెడతారు. ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనుక. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం. అక్షరం పొల్లు పోకుండా సరిపోతేనే చూపించే వెతుకులాటలో వీళ్లెవరూ దొరకరు. ‘రికార్డు లేదు’ అని వస్తుంది. దాని పక్కనే ‘కొత్తది చేర్చు’ అని బటన్. ఇంకేముంది!

ఉచ్చారణను బట్టి పేర్లను ఒక కోడ్‌గా మార్చి పోల్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. సౌండెక్స్ అనే ఆ విధానానికి అమెరికాలో 1918లోనే పేటెంట్ వచ్చింది. దాని ప్రకారం రెండు రకాల లక్ష్మి స్పెల్లింగులకూ ఒకే కోడ్ వస్తుంది. బాగానే ఉంది. కానీ అది మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. ఎల్లమ్మ పేరును ఒకరు ఇ అక్షరంతో, మరొకరు వై అక్షరంతో మొదలుపెడితే వేర్వేరు మనుషులైపోతారు. తెలంగాణ పల్లెల్లో ఎల్లమ్మలు ఎంతమందో లెక్కేస్తే ఈ చిన్న తేడా ఎంత దూరం పోతుందో అర్థమవుతుంది. అమెరికా పేర్ల కోసం చేసిన పద్ధతిని తెచ్చి యథాతథంగా పెడితే సరిపోదు. తెలుగు పేర్ల తీరు తెలిసినవారు కూర్చుని చేయాల్సిన పని ఇది.

మంచి ఫారం వెతుకులాటను పక్కన పెట్టదు, దారిలోనే పెడుతుంది. ముందు పుట్టిన తేదీ, తండ్రి లేదా భర్త పేరు, ఫోన్ నంబరు అడుగుతుంది. దగ్గరగా ఉన్న నలుగురైదుగురిని ఫొటోలతో చూపిస్తుంది. ‘వీరిలో ఎవరూ కాదు’ అని చెప్పాకే కొత్త రికార్డు బటన్ కనిపిస్తుంది. ‘కచ్చితంగా చేర్చాలా?’ అని అడిగే చిన్న డబ్బా మాత్రం దాదాపు దండగ. రోజుకు వందసార్లు అది కనిపిస్తే చెయ్యి దానంతటదే ‘ఎస్’ కొట్టేస్తుంది. అదే డబ్బాలో ‘ఎల్లమ్మ, భర్త పోచయ్య అనే కొత్త వ్యక్తిని చేరుస్తున్నారు’ అని రాస్తే కొంతైనా ఆగి చదువుతారు.

పీఎఫ్‌లో పోయేది సొంత డబ్బు, పింఛన్

ఓటు రెండైతే నోటీసు వస్తుంది. పీఎఫ్ నంబరు రెండైతే? చాలామందికి ఏళ్ల తరబడి తెలియను కూడా తెలియదు.

ఉద్యోగం మారినా నంబరు మారకూడదనే 2014లో యూఏఎన్ తెచ్చారు. ఒక మనిషికి ఒకే నంబరు. కానీ కొత్త కంపెనీలో చేరిన రోజు ఫారం 11లో గతంలో పీఎఫ్ ఉందా అన్న ప్రశ్నకు లేదని రాసినా, హెచ్‌ఆర్‌లో ఎంట్రీ చేసేవారు పాత నంబరు అడగకుండా ‘మొదటి ఉద్యోగం’ అని పెట్టేసినా.. ఇంకో యూఏఎన్ పుట్టేది. హైదరాబాద్, బెంగళూరులలో రెండు మూడేళ్లకో కంపెనీ మారే కుర్రాళ్లలో ఈ తంటా పడ్డవారు ఎవరికైనా ఎదురవుతూనే ఉంటారు.

నష్టం ఎక్కడంటే.. ఉద్యోగుల పింఛన్ పథకంలో నెలనెలా పింఛన్ రావాలంటే 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఒక కంపెనీలో ఆరేళ్లు, ఇంకో దాంట్లో ఐదేళ్లు చేస్తే మొత్తం 11. అర్హత ఉన్నట్టే. అవే రెండు నంబర్ల కింద విడిపోయి కలపకుండా ఉంటే ఏ ఒక్కటీ పదేళ్లు కాదు. అలాగే ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండకముందు పీఎఫ్ తీసుకుంటే పన్ను పడే అవకాశం ఉంది. పాత సర్వీసును బదిలీ చేసుకుంటే అదీ ఈ ఐదేళ్లలో కలుస్తుంది. బదిలీ చేయకపోతే మళ్లీ సున్నా నుంచి లెక్క.

ఇక్కడ ఈపీఎఫ్‌ఓ 2025 ఆగస్టు 1 నుంచి గట్టి అడుగే వేసింది. కొత్త యూఏఎన్ కావాలంటే ఉమంగ్ యాప్‌లో ఆధార్ ఆధారంగా ముఖం చూపించి తెచ్చుకోవాలి. నేపాల్, భూటాన్ పౌరులు, అంతర్జాతీయ ఉద్యోగుల వంటి కొందరికి మినహాయింపు ఉంది. అంటే ఎవరో ఆఫీసులో కూర్చుని కొత్త మనిషిని పుట్టించే పద్ధతి దాదాపు పోయింది. అయితే అప్పటికే పుట్టిన రెండో నంబర్లు వాటంతటవే మాయం కావు. ఉద్యోగే పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకోవాలి.

గేటు బిగిస్తే నష్టం లేదా?

ఉంది. ఆధార్‌లో కొత్తగా నమోదు చేసుకునేవారి పది వేళ్లు, రెండు కనుపాపలను అప్పటికే ఉన్నవాటితో పోల్చి చూస్తారు. సరిపోలితే దరఖాస్తు తిరస్కరిస్తారు. ఒకే మనిషి రెండుసార్లు దూరకుండా ఇది బాగా పనిచేస్తుంది. కానీ పాత నంబరు పోగొట్టుకుని, అది మర్చిపోయి కొత్తగా నమోదు చేసుకోవడానికి వెళ్లినవారికి తిరస్కరణ సందేశం తప్ప దారి కనిపించదు. పోయిన నంబరును తిరిగి తెలుసుకునే వీలుందని కౌంటర్‌లో ఎవరో చెప్పాలి. గేటు దగ్గర ఆపేటప్పుడు పక్కన ‘మీ పాత రికార్డు ఇదేనా?’ అని చూపించే కిటికీ కూడా ఉండాలి.

ఆపకుండా వదిలేసి తర్వాత ఊడుద్దామనుకుంటే మాత్రం ఇంతకంటే దారుణం. ఆ అనుభవం తెలంగాణకు ఉంది. 2015లో ఓటర్ల జాబితాల ప్రక్షాళన పేరుతో ఆధార్ అనుసంధాన కార్యక్రమం చేపట్టారు. ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల తర్వాత అది ఆగిపోయింది. 2018 డిసెంబర్ 7న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజు.. చేతిలో కార్డు, జాబితాలో పేరు లేదు. అలా వెనుదిరిగిన ఓటర్లు రాష్ట్రమంతటా కనిపించారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా లేదు. అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. అంతకుముందు జరిగిన తొలగింపులే దీనికి కారణమని విమర్శలు వచ్చాయి.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒకేలా ఉన్న పేర్లను, ఒకేలా ఉన్న ఫొటోలను సాఫ్ట్‌వేర్ ఏరి ఇస్తుంది. ఇంటింటికీ వెళ్లి నిర్ధారించాల్సింది బూత్ స్థాయి అధికారి. ఆయన లేదా ఆమె చాలాచోట్ల అంగన్‌వాడీ కార్యకర్త, లేదంటే టీచర్. ఇంటికి తాళం ఉంటే? పేరు, తండ్రి పేరు, వయసు ఒకటే అయిన ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే మండలంలో ఉంటే? డూప్లికేట్ అనుకుని కొట్టేసింది నిజమైన ఓటు కావచ్చు. ఎవరో ఒకరు ఎప్పుడో తప్పు బటన్ నొక్కినందుకు, ఆ బటన్ ముట్టని మనిషి పోలింగ్ బూత్ నుంచి వెనక్కి రావాల్సి వస్తుంది.

ఇప్పటికే రెండు చోట్ల పేరుంటే..

ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్‌లో పేరు, కార్డు నంబరు, ఫోన్ నంబరు.. వీటిలో దేనితోనైనా వెతికి చూసుకునే వీలుంది. రెండు రికార్డులు కనిపిస్తే ప్రస్తుతం ఉంటున్న చోటిది ఉంచుకుని, రెండో దాని తొలగింపునకు ఫారం 7 ఇవ్వాలి. అందులో ఇప్పటికే వేరే చోట నమోదై ఉన్నట్టు కారణం చూపించొచ్చు. ఇల్లు మారి ఇంకా దరఖాస్తు చేయనివారికి ఫారం 8 ఒక్కటే సరైనది. పాత కార్డు నంబరు చేతిలో పెట్టుకుని నింపాలి. నెట్ సెంటర్‌లో చేయిస్తుంటే తెర మీద ఫారం పక్కన ఉన్న అంకె 6 కాదు, 8 అని డబ్బులిచ్చే ముందే చూసుకోవాలి.